అన్నం పక్కన ఏముంది?

హైదరాబాద్ మెట్రోలో మియాపూర్ నుంచి ఎల్బీనగర్ వైపు వెళ్తుంటే అమీర్‌పేట తర్వాత వచ్చే స్టేషన్ పంజాగుట్ట. దూరం కొద్దిపాటిదే, కానీ ఆ రెండు చోట్లా దిగే మనుషులు వేరు. అమీర్‌పేటలో దిగేవాళ్ళలో ఎక్కువమంది ఇరవై, ఇరవై అయిదేళ్ళ వాళ్ళు. శ్రీకాకుళం నుంచి, అనంతపురం నుంచి, ఆదిలాబాద్, ఖమ్మం పల్లెల నుంచి సాఫ్ట్‌వేర్ కోర్సుల కోసమో, ఉద్యోగ పరీక్షల కోచింగ్ కోసమో వచ్చి మైత్రీవనం చుట్టుపక్కల, ఎస్సార్ నగర్, బల్కంపేట సందుల్లోని హాస్టళ్ళలో ఉంటారు. పంజాగుట్టలో నిమ్స్ ఆసుపత్రి కోసం దిగేవాళ్ళు అవే జిల్లాల వాళ్ళు. వయసు మాత్రం రెట్టింపు. షుగరు, బీపీ, గుండె, మూత్రపిండాల జబ్బులు వాళ్ళను అక్కడికి తీసుకొస్తాయి. ఈ ప్రసంగంలో నేను నిరూపించదలచిన మాట ఒక్కటే. పంజాగుట్టలో ఇవాళ వైద్యం చేస్తున్న జబ్బుల్లో చాలా భాగాన్ని ఆపవలసిన చోటు అమీర్‌పేట వంటగది. ఆపడానికి అపురూపమైన ధాన్యమేదీ అక్కర్లేదు, కంచంలో పాళ్ళు మారితే చాలు. ఈ మాట చెప్పడానికి ఆధారాలు మన నేల మీదే దొరుకుతున్నాయి. వాటి బలమెంత, బలహీనతెంత అన్నది కూడా దాచకుండా చెబుతాను.

తిండికీ జబ్బుకూ ఉన్న సంబంధాన్ని వేల మంది మీద, ఏళ్ళ తరబడి లెక్కగట్టే శాస్త్రాన్ని పోషకాహార ఎపిడెమియాలజీ అంటారు. ఈ పనికి మన దేశంలో పెద్ద దిక్కు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ. దాని పుట్టుక చాలామందికి తెలియదు. 1918లో రాబర్ట్ మెకారిసన్ అనే వైద్యుడు నీలగిరి కొండల్లోని కూనూరులో, ఒక్క గదిలో బెరిబెరి జబ్బు మీద పరిశోధన మొదలుపెట్టాడు. ఆ జబ్బు అప్పట్లో ఎక్కువగా పీడించిన ప్రాంతాల్లో మన ఉత్తర సర్కారు జిల్లాలు ఒకటి. మరపట్టిన పచ్చిబియ్యం మీదే బతికేవాళ్ళకు తవుడుతోపాటు బి1 విటమిన్ పోయేది. కాళ్ళు తిమ్మిరెక్కి, గుండె బలహీనపడి మనుషులు పోయేవారు. ఉప్పుడు బియ్యం తినే ప్రాంతాలు చాలావరకు తప్పించుకున్నాయి, ఎందుకంటే వడ్లను ఉడికించినప్పుడు ఆ విటమిన్ గింజలోపలికి ఇంకుతుంది. ఆ చిన్న ప్రయోగశాలే పెరిగి పెద్దదై 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చింది, 1969లో ఇప్పటి పేరు పెట్టుకుంది. బెరిబెరి కథలో గొప్ప విజయం ఉంది: ఒక జబ్బు, ఒక లోపం, ఒక మందు. లోపించినదాన్ని ఇస్తే రోగి రోజుల్లో కోలుకుంటాడు. ఈ విజయమే మనకు ఒక అలవాటు నేర్పిందని నా అభిప్రాయం. ఏ జబ్బు వచ్చినా "ఏం తింటే తగ్గుతుంది?" అని అడుగుతాం. ఒకరు మెంతులంటారు, ఒకరు కాకరకాయ రసమంటారు, ఈమధ్య కొర్రలూ అరికలూ అంటున్నారు.

ఈ అలవాటు ఎక్కడ దెబ్బతింటుందో హైదరాబాదే ఒకసారి చూపించింది. దక్కను పీఠభూమిలో జొన్నతో కడుపు నింపుకునే పేదల్లో పెల్లాగ్రా అనే జబ్బు కనిపించేది. ఎండ తగిలే చోట చర్మం నల్లబడి పొరలు లేస్తుంది, విరేచనాలు పట్టుకుంటాయి, మనసు కలత పడుతుంది. అప్పటిదాకా ప్రపంచం దాన్ని మొక్కజొన్న తినేవాళ్ళ జబ్బుగా ఎరుగును. జొన్న తినేవాళ్ళకెందుకు వస్తోందని తరచి చూసి, గింజలో లూసిన్ అనే అమైనో ఆమ్లం పాలు ఎక్కువగా ఉండటం దీనికి కారణం కావచ్చని సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతయ్య 1960లో లాన్సెట్ పత్రికలో ప్రతిపాదించారు. ఆ వివరణ మీద తర్వాత వాదోపవాదాలు జరిగాయి. కానీ మనకు కావలసిన సంగతి వివాదంలో లేదు: జొన్న తప్ప మరొకటి దొరకని ఇంట్లో, ఇవాళ మనం ఆరోగ్యానికి మారుపేరుగా కొనుక్కుంటున్న అదే జొన్న జబ్బుకు తోడ్పడింది. జొన్నలో దోషముందని చెప్పడం లేదు. ఏ గింజనైనా దాని పక్కన ఏముందో చూడకుండా మంచిదనో చెడ్డదనో తేల్చలేమంటున్నాను.

దీర్ఘకాలిక వ్యాధులు లోపం వల్ల వచ్చే జబ్బుల్లాంటివి కావు. ముప్పై ఏళ్ళు నెమ్మదిగా పేరుకుని ఒకనాడు బయటపడతాయి. పైగా వాటిని డబ్బున్నవాళ్ళ జబ్బులని ఇప్పటికీ అనుకునేవాళ్ళున్నారు. గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో 2003–04లో ఏడాదిపాటు జరిగిన ప్రతి మరణానికీ కారణమేమిటో ఇంటింటికీ వెళ్ళి అడిగి తెలుసుకున్నారు. ఆంధ్రప్రదేశ్ గ్రామీణ ఆరోగ్య అధ్యయనం అది. నూటికి 32 మరణాలు గుండె, రక్తనాళాల జబ్బుల వల్ల. అంటువ్యాధుల వల్ల నూటికి 12. ఇరవై ఏళ్ళ కిందటే, పొలం పనుల మీద బతికే పల్లెల్లో, అంటువ్యాధుల కంటే గుండెజబ్బు రెండింతలకు పైగా మనుషులను తీసుకుపోతోందన్నమాట. ఆ ఊళ్ళ మనవళ్ళే ఇప్పుడు అమీర్‌పేట హాస్టళ్ళలో ఉన్నారు.

పల్లె నుంచి పట్నం వస్తే ఒంట్లో ఏం మారుతుంది? ఈ ప్రశ్నకు సమాధానం వెతికిన అధ్యయనాల్లో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది భారతీయ వలస అధ్యయనం. 2005 నుంచి 2007 దాకా లక్నో, నాగపూర్, బెంగళూరు, హైదరాబాద్‌లలోని నాలుగు కర్మాగారాల్లో ఇది జరిగింది. హైదరాబాద్‌లో బీహెచ్‌ఈఎల్ కార్మికులను తీసుకున్నారు. పల్లె నుంచి వచ్చి పట్నంలో స్థిరపడినవారిని, ఊళ్ళోనే ఉండిపోయిన వారి సొంత తోబుట్టువులతో పోల్చి చూశారు. అన్నదమ్ములది ఒకే రక్తం, ఒకే బాల్యం, ఒకే అమ్మ చేతి వంట కాబట్టి, తేడా వస్తే దాన్ని పుట్టుక మీదకు నెట్టేయడం కష్టం. 2010లో ఫలితాలు వచ్చాయి. మగవాళ్ళలో షుగరు ఉన్నవారు పల్లెలో నూటికి సుమారు 6, వలస వచ్చినవారిలో 14, పుట్టుకతో పట్నవాసులైనవారిలో 13.5. ఊబకాయం పల్లెలో 19 శాతం, వలస వచ్చినవారిలో దాదాపు 38. ఆడవాళ్ళలోనూ ధోరణి ఇలాగే ఉంది. తిండి ఒక్కటే దీనికి కారణమని ఆ అధ్యయనం చెప్పదు, నేనూ చెప్పను. పట్నం వచ్చినవాడు నడవడం కూడా మానేస్తాడు, నిద్ర తగ్గిస్తాడు. కానీ ఒకటి తేలింది: అన్నదమ్ములను వేరు చేసిన కారణం వాళ్ళు బతికిన చోటులో ఉంది. చోటు మనుషులు కట్టుకున్నదే, కాబట్టి మార్చుకోగలిగిందే.

ఇక అన్నం సంగతి. 21 దేశాల్లో 1,32,373 మందిని సగటున తొమ్మిదిన్నర ఏళ్ళు గమనించిన ప్యూర్ అధ్యయనం 2020లో ఒక లెక్క చెప్పింది. రోజుకు 450 గ్రాములు, అంతకు మించి తెల్లన్నం తినేవాళ్ళకు, 150 గ్రాముల లోపు తినేవాళ్ళతో పోలిస్తే షుగరు వచ్చే అవకాశం 20 శాతం ఎక్కువ. దక్షిణాసియా వరకే చూస్తే ఆ అంకె 61 శాతానికి చేరింది. ఇది వండిన అన్నం తూకం. మన హాస్టల్ కంచంలో ఒక్క పూటలోనే 450 గ్రాములు పడటం వింతేమీ కాదు. అయితే అన్నం మానేసి మరో గింజ పట్టుకుంటే సరిపోతుందా? 2025లో నేచర్ మెడిసిన్ పత్రికలో వచ్చిన ఐసీఎంఆర్–ఇండియాబ్ పరిశీలన ఈ ప్రశ్నకు సూటిగా బదులిచ్చింది. దేశమంతటా వేల మంది పెద్దల తిండిని లెక్కగట్టి, మనవాళ్ళ శక్తిలో దాదాపు 62 శాతం పిండి పదార్థాల నుంచే వస్తోందని తేల్చింది. మొత్తం పిండి పదార్థాలు తగ్గకుండా, పాలిష్ బియ్యం స్థానంలో గోధుమపిండో చిరుధాన్యాల పిండో పెట్టినంత మాత్రాన షుగరు తగ్గిన జాడ కనిపించలేదు. ఆ శక్తిలో 5 శాతం పిండి పదార్థాల బదులు పప్పుల నుంచి, పాల నుంచి వచ్చే మాంసకృత్తులుగా మారినచోట మాత్రం షుగరు, దాని ముందుదశ తక్కువగా కనిపించాయి. రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం విడుదల చేసిన తెలంగాణ సోనా లాంటి బియ్యం రక్తంలో చక్కెరను నెమ్మదిగా పెంచుతుందన్నది నిజమే, దాన్ని నేను తక్కువ చేయను. కానీ తక్కువ గ్లైసెమిక్ సూచీ ఉందని రెండు ముద్దలు ఎక్కువ తింటే ఆ మేలు అక్కడే చెల్లిపోతుంది.

ఇక్కడ ఆలోచనాపరులైన శ్రోతలు ఒక అభ్యంతరం చెప్పవచ్చు. అది చిన్నది కాదు. తిండి పరిశోధనలన్నీ మనుషుల జ్ఞాపకం మీద కట్టిన మేడలు కదా అంటారు. నిన్న ఎన్ని గరిటెల అన్నం తిన్నారో, పోయిన నెలలో ఎన్నిసార్లు వేపుడు తిన్నారో ఎవరికి గుర్తుంటుంది? పైగా లావుగా ఉన్నవాళ్ళు తిన్నదాన్ని తగ్గించి చెబుతారని కొలతలతో రుజువైంది. ఇంకో ఇబ్బంది కూడా ఉంది. రోజూ పండ్లు కొనుక్కోగలిగినవాడికి మంచి ఇల్లు, మంచి వైద్యుడు, తీరిక కూడా ఉంటాయి; అతని ఆరోగ్యాన్ని పండ్ల ఖాతాలో వేయడం తప్పు. షోన్‌ఫెల్డ్, అయొన్నిడిస్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక వంటల పుస్తకం నుంచి యాదృచ్ఛికంగా 50 పదార్థాలు ఎంచుకుని వెతికితే, వాటిలో 40 పదార్థాలకు క్యాన్సర్‌తో సంబంధాన్ని పరిశీలించిన వ్యాసాలు దొరికాయి. ఒకే పదార్థం ఒకచోట మేలు చేసేదిగా, మరోచోట కీడు చేసేదిగా తేలింది. అన్నిటికంటే బాధాకరమైన ఉదాహరణ ఫిన్లాండ్‌ది. కెరోటిన్ ఉన్న కూరగాయలు ఎక్కువ తినేవాళ్ళకు ఊపిరితిత్తుల క్యాన్సర్ తక్కువని పరిశీలనలు చెబితే, 29,133 మంది పొగతాగే మగవాళ్ళ మీద ప్రయోగం చేశారు. 1994లో ఫలితం వచ్చింది: బీటా కెరోటిన్ మాత్రలు మింగినవాళ్ళలో క్యాన్సర్ 18 శాతం పెరిగింది.

ఈ విమర్శను నేను పూర్తిగా ఒప్పుకుంటాను. ఒప్పుకున్నాక కూడా నా వాదం నిలుస్తుందనే నమ్మకం ఎందుకంటే, ఆ వైఫల్యాలు ఎక్కడ జరిగాయో చూడండి. ఒక్క పదార్థాన్ని విడదీసి, మాత్రగా చేసి, దానికే మహిమ అంటగట్టినచోట శాస్త్రం బోర్లాపడింది. మొత్తం కంచాన్ని మార్చి చూసిన ప్రయోగాలు అలా కూలిపోలేదు. చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం చేసిన భారత మధుమేహ నివారణ ప్రయోగం దీనికి మంచి సాక్ష్యం. షుగరు ముందుదశలో ఉన్న 531 మందిని చీటీ వేసినట్టు గుంపులుగా విడదీశారు. ఒక గుంపుకు మామూలు సలహా. ఒక గుంపుకు పాలిష్ ధాన్యాలు, చక్కెర, నూనె తగ్గించుకోవడం, పీచు పెంచుకోవడం, రోజూ నడవడం నేర్పి వెంటబడి చూసుకున్నారు. మూడేళ్ళకు మొదటి గుంపులో నూటికి 55 మందికి షుగరు వస్తే, రెండో గుంపులో 39 మందికి వచ్చింది. 2006లో వచ్చిన ఈ ఫలితంలో జ్ఞాపకం పాత్ర లేదు, రక్తపరీక్షే సాక్షి. చీటీ వేసి విడదీశారు కాబట్టి డబ్బున్నవాళ్ళంతా ఒకే గుంపులో చేరే అవకాశమూ లేదు. దక్షిణ భారత దేశపు మనుషులు, దక్షిణ భారత దేశపు తిండి. బరువు చెప్పుకోదగినంత తగ్గకపోయినా షుగరు తగ్గిందన్నది ఈ ప్రయోగంలో మరో విశేషం.

జ్ఞాపకంతో పనిలేకుండా కొలవగలిగింది మరొకటి ఉంది, ఉప్పు. మనం తిన్న ఉప్పులో చాలా భాగం ఒక రోజులోనే మూత్రంలో బయటికొస్తుంది. ఢిల్లీ–హర్యానా వైపు, ఆంధ్రప్రదేశ్ వైపు 1395 మంది నుంచి ఇరవై నాలుగు గంటల మూత్రం సేకరించి కొలిస్తే, మనవైపు సగటు రోజుకు తొమ్మిదిన్నర గ్రాములకు దగ్గరగా తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అయిదు గ్రాముల లోపు ఉండమంటుంది. ఆవకాయ, పెరుగన్నంలో నంజుకునే ఊరుమిరప, అప్పడం మనకు ఎంత ఇష్టమో చెప్పనక్కర్లేదు. అయితే కూర తక్కువైనప్పుడే పచ్చడి ఎక్కువ కలుపుకుంటాం. పెద్ద అన్నపురాశిని నోటికి రుచిగా చేయడానికి ఉప్పు, కారం, నూనె కావాలి. కాబట్టి ఉప్పు లెక్క, అన్నం లెక్క వేరు వేరు కావు. రెంటికీ మూలం పాళ్ళలోనే ఉంది.

మా తాతలు మూడు పూటలా అన్నమే తిన్నారు, వాళ్ళకు ఈ రోగాలు లేవు కదా అని ఇంకో అభ్యంతరం వినిపిస్తుంది. ప్రేమతో చెప్పే మాట కాబట్టి గౌరవంగానే బదులివ్వాలి. తాతలు తిన్నది చాలావరకు దంపుడు బియ్యం. మరపట్టిన బియ్యం తిన్నచోట ఏమైందో బెరిబెరి కథలో విన్నాం. వాళ్ళు నాగలి పట్టారు, బావిలో నీళ్ళు తోడారు, సంతకు నడిచారు. తిన్న పిండిని కండరాలు ఏ పూటకాపూట ఖర్చు చేసేవి. ఇక వాళ్ళకు జబ్బుల్లేవన్న మాటకు వస్తే, స్వాతంత్ర్యం వచ్చేనాటికి మన దేశంలో సగటు ఆయుర్దాయం ముప్పై ఏళ్ళ పైచిలుకు మాత్రమే. గుండెజబ్బు వచ్చే వయసుదాకా చేరినవాళ్ళే తక్కువ. మనకు గుర్తున్న తాతయ్య ఆ కాలాన్ని దాటుకుని నిలిచినవాడు. నిలవనివాళ్ళ ఫొటోలు గోడల మీద లేవు.

పుట్టుకలోనే ఉంది, మన జాతికే షుగరు ఎక్కువ, తిండిని ఎందుకు తప్పుపడతారు అనేవాళ్ళూ ఉన్నారు. మనవాళ్ళకు తక్కువ బరువులోనే షుగరు వస్తుందన్నది నిజం. కానీ పుట్టుక అనుకునేదాంట్లో కొంత తల్లి తిండేనని హైదరాబాద్ శివార్లలో జరిగిన ఒక అధ్యయనం చూపింది. 1987 నుంచి 1990 దాకా ఇక్కడి 29 పల్లెల్లో జాతీయ పోషకాహార సంస్థ పరిశోధన జరిగింది. వాటిలో 15 పల్లెల్లో అంగన్‌వాడీ పథకం ద్వారా గర్భిణులకు, బాలింతలకు, చిన్నపిల్లలకు మొక్కజొన్న, సోయా కలిపిన ఉప్మా అందింది. మిగతా 14 పల్లెలకు పథకం ఇంకా చేరలేదు. పదిహేనేళ్ళ తర్వాత సంజయ్ కిన్రా బృందం ఆ పిల్లలను వెతికి పట్టుకుంది. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ళ వయసున్న 1165 మందిని పరీక్షిస్తే, ఉప్మా అందిన పల్లెల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడవు, ఇన్సులిన్ నిరోధకత 20 శాతం తక్కువ, ధమనుల బిరుసుతనమూ తక్కువ. రక్తపోటులో, కొలెస్టరాల్‌లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు, అదీ చెప్పాలి. 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఈ ఫలితం చదివినప్పుడల్లా నాకు మన అంగన్‌వాడీ ఆయాల మీద గౌరవం పెరుగుతుంది. గిన్నెడు ఉప్మా చేసిన పని పదిహేనేళ్ళ తర్వాత రక్తనాళాల్లో కనిపించింది. ఆ పల్లెల్లోని కుటుంబాలనే ఇప్పటికీ గమనిస్తున్నారు, తల్లిదండ్రులతో సహా.

ఇప్పుడు అమీర్‌పేట వంటగదిలోకి వద్దాం. హాస్టల్ మెస్సులో పొద్దున ఇడ్లీయో ఉప్మాయో పూరీయో, మధ్యాహ్నం అన్నం, పలచని పప్పో సాంబారో, ఒక కూర, పచ్చడి, మజ్జిగ. రాత్రి మళ్ళీ అదే. సాయంత్రం బండి మీద మిర్చీ బజ్జీలు, పునుగులు, లేకపోతే ఇరానీ చాయ్, బిస్కెట్లు. గదులు అద్దెకు తీసుకుని నలుగురు కలిసి ఉండేవాళ్ళ పద్ధతి ఇంకొకటి. కరెంటు కుక్కర్లో అన్నం వండుకుని, కర్రీ పాయింట్ నుంచి రెండు ప్యాకెట్లు తెచ్చుకుంటారు. ఆ రెండు చిన్న ప్యాకెట్లు నలుగురి అన్నంలోకి సరిపెట్టాలి. అక్కడ పాళ్ళను నిర్ణయించేది నాలుక కాదు, ధర. కడుపు నింపేవాటిలో బియ్యం అన్నిటికంటే చవక. పప్పు, కూరగాయ, పెరుగు ఖరీదు. నేను ఆ పిల్లలను తప్పుపట్టను. హాస్టల్ యజమానిని కూడా తప్పుపట్టను, నెలకు ఇంతని తీసుకున్న డబ్బులోంచే అతను అద్దె, కరెంటు, వంటమనిషి జీతం కట్టాలి. మంచి తిండి తినండి అని ఉపన్యాసాలు చెప్పి ఊరుకుంటే ఫలితం ఉండదనడానికి ఇదే కారణం.

ప్రభుత్వం చేతిలోనూ ఇదే తక్కెడ ఉంది. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చినప్పుడు అది ఆకలి మీద యుద్ధం. ఆ పథకం కడుపులు నింపింది, దానికి చేతులెత్తి నమస్కరించాలి. జొన్న, సజ్జ తినే మెట్ట జిల్లాల్లో అన్నం రోజువారీ తిండిగా స్థిరపడటంలోనూ దాని పాత్ర ఉంది. తెలంగాణలో 2025 ఉగాది నుంచి చౌకధరల దుకాణాల్లో మనిషికి నెలకు 6 కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు. రోజుకు 200 గ్రాములు. వండితే అరకిలోకు తగ్గదు. అంటే ప్యూర్ అధ్యయనం ప్రమాదరేఖగా చూసిన 450 గ్రాములను కోటా ఒక్కటే దాటేస్తోంది. బియ్యం తగ్గించమని నేను అడగడం లేదు. ఆకలి ఉన్న ఇంట్లో బియ్యం తగ్గించమనడం అన్యాయం. బియ్యానికి ఇచ్చిన నమ్మకమైన స్థానం కందిపప్పుకూ శనగలకూ ఇవ్వమంటున్నాను. కంచంలో పప్పు పెరిగితే అన్నం తనంత తానే తగ్గుతుంది, ఎందుకంటే కడుపు ఒక్కటే.

ఎంత పెరగాలి? జాతీయ పోషకాహార సంస్థ 2024లో సవరించిన మార్గదర్శకాల్లో రోజుకు రెండు వేల కిలోకేలరీల కంచాన్ని గ్రాముల్లో చెప్పింది: ధాన్యాలు 250, పప్పులు 85, కూరగాయలు 400, పండ్లు 100, పల్లీలూ గింజలూ 35, నూనె 27, పాలో పెరుగో 300 మిల్లీలీటర్లు. ఇది ఒక్కసారిగా హాస్టల్ మెస్సులో సాధ్యం కాదు, నాకు తెలుసు. కానీ ఇండియాబ్ పరిశీలన చెప్పిన 5 శాతం మార్పు సాధ్యమే. రెండు వేల కిలోకేలరీల్లో 5 శాతమంటే వంద, అంటే పాతిక గ్రాముల మాంసకృత్తులు. అరవై గ్రాముల పప్పు, గ్లాసుడు పెరుగు, గుప్పెడు పల్లీలు అదనంగా పడితే ఆ పాతిక సమకూరుతుంది. వాటితోపాటు కొంత పిండి, కొవ్వు కూడా వస్తాయి కాబట్టి అన్నం రెండు, మూడు గరిటెలు తగ్గాలి. సాంబారు చిక్కబడాలి, సాయంత్రం బజ్జీ స్థానంలో ఉడికించిన శనగలు రావాలి.

అయితే ఇండియాబ్ ఒక్కసారి తీసిన ఛాయాచిత్రం లాంటి పరిశీలన, కాలంలో వెంటాడి చూసింది కాదు. చెన్నై ప్రయోగం అప్పటికే షుగరు ముందుదశకు చేరిన నడివయసువాళ్ళ మీద జరిగింది. ఇరవై రెండేళ్ళవాడి కంచంలో పాళ్ళు మారిస్తే అతని ఒంట్లో ఏమవుతుందన్న సంగతిని తేల్చాలంటే ప్రయోగమే చేయాలి. అందుకు అమీర్‌పేట కంటే అనువైన చోటు ఇంకొకటి నాకు కనిపించదు. ఒకే వీధిలో పదుల హాస్టళ్ళు, ఒకే తరహా భోజనం, రెండు రాష్ట్రాల నుంచీ వచ్చిన ఒకే వయసు పిల్లలు, ఒక్క స్టేషన్ దూరంలో నిమ్స్ ప్రయోగశాలలు, నగరంలోనే తార్నాక పోషకాహార నిపుణులు. మనుషులను విడదీయనక్కర్లేదు, వంటగదులను చీటీ వేసి రెండు వర్గాలు చేయవచ్చు. ఒక వర్గంలో పాత వంట, రెండో వర్గంలో పప్పు, పెరుగు, కూరగాయలు పెంచి ఉప్పు తగ్గించిన వంట. అదనపు ఖర్చును అధ్యయనం భరించాలి. తిండిని జ్ఞాపకంతో కాకుండా కిరాణా బిల్లులతో, పారేసిన అన్నం తూకంతో కొలవవచ్చు. ఒంటిని నడుము చుట్టుకొలతతో, రక్తంలో ఇన్సులిన్‌తో, ఇరవై నాలుగు గంటల మూత్రంలోని ఉప్పుతో కొలవవచ్చు. అక్కడి పిల్లలు కొన్ని నెలలకే కోర్సు ముగించి వెళ్ళిపోతారన్న అభ్యంతరం సరైనదే. వెళ్ళాక గచ్చిబౌలి గదిలోనో బెంగళూరులోనో కొత్త పాళ్ళు నిలుపుకున్నారా, పాతవాటికి మళ్ళారా అని ఫోన్ ద్వారా అయిదేళ్ళు వెంటాడటం ఈ ప్రయోగంలో సగం పని. మిగతా సగం పని అంతకంటే త్వరగా తేలుతుంది: ఆరు నెలల కిరాణా బిల్లులు చేతికొస్తే, ఒక హాస్టల్ యజమాని నెల అద్దె ఎంత పెంచితే, లేదా ప్రభుత్వం చౌకధరకు ఎంత పప్పు ఇస్తే, ఆ కంచం తన కాళ్ళ మీద తాను నిలుస్తుందో రూపాయల్లో చెప్పవచ్చు.